ముద్ద తిన్న కడుపు, రొట్టె తిన్న కడుపు

మా మనవరాలికి ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పుడు, చూసినవాళ్ళంతా అయిదేళ్ళ పిల్ల అనుకునేవారు. నేను పిల్లలకు పావడాలు కుట్టించేటప్పుడు కింద బాగా మడత పెట్టించేదాన్ని. పిల్ల పెరిగే కొద్దీ మడత విప్పుకుంటూ పోతే అదే పావడా ఇంకో రెండేళ్ళు వస్తుంది, కొత్త గుడ్డ కొనే పని ఉండదు. నా బిడ్డలందరినీ అట్లాగే పెంచాను. ఈ పిల్ల పావడాకు మాత్రం మడత విప్పే పని పడలేదు. గుడ్డ వెలిసిపోయింది గాని పిల్ల పొడుగు కాలేదు. చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉండి, కడుపు మాత్రం ఉబ్బి ముందుకొచ్చి ఉండేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు. బడిలో పాఠం నడుస్తుండగానే కడుపు పట్టుకుని బయటికి పరుగెత్తేదని టీచరు చెప్పి పంపింది.

నా కూతురి కాపురం ధర్మవరంలో. అల్లుడు కరెంటు ఆఫీసులో గుమాస్తా. ఆయన తల్లి, అంటే మా వియ్యపురాలు, వాళ్ళతోనే ఉండేది. మాది పెనుకొండ. సోమందేపల్లి దారిలో కొంచెం చేను ఉంది, రాగులు, చెనక్కాయలు పండేవి. నా చదువు మూడో తరగతితోనే ఆగిపోయింది. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. మందుసీసాల మీద ఇంగ్లీషు నాకు రాదు.

ధర్మవరంలో వాళ్ళు చూపించని డాక్టరు లేడు. ఒకాయన నులిపురుగులు అన్నాడు. ఇంకొకాయన రక్తం తక్కువ అని టానిక్కు రాశాడు. మరొకాయన ప్రైమరీ కాంప్లెక్స్ అన్నాడు, అంటే పిల్లలకు వచ్చే క్షయ అట. నెలల తరబడి ఆ మాత్రలు మింగించారు. పిల్లకు మూత్రం ఎర్రగా వచ్చింది గాని కడుపు తగ్గలేదు. వియ్యపురాలు దిష్టి అని తాయెత్తు కట్టించింది. నేను ఎవరినీ తప్పు పట్టను. ఎవరికి తెలిసింది వాళ్ళు చేశారు.

మా వైపు జబ్బు అంటే బ్రెడ్డు. జ్వరం వచ్చినవాళ్ళకు అన్నం పెడితే జ్వరం ముదురుతుందని అందరి నమ్మకం. బ్రెడ్డు ముక్క పాలలో ముంచి పెడతారు. ఆస్పత్రి గేటు ముందర బ్రెడ్డూ బన్నూ అమ్మే బండి తప్పకుండా ఉంటుంది. మంచాన పడినవాళ్ళను చూడబోయే చుట్టాలు ఒట్టి చేతులతో పోరు, చేతిలో బ్రెడ్డు ప్యాకెట్టు ఉండాల్సిందే. మా పిల్ల ఎంతగా మంచం పట్టేదో ఇంట్లో బ్రెడ్డు అంతగా పేరుకునేది. పారేయడం ఎందుకని ఆ పిల్లకే పెట్టేవారు. దానికి తోడు వియ్యపురాలికి షుగరు. రాత్రిపూట అన్నం మానమని డాక్టరు చెప్పాడు. ఆమె ఒక్కదానికి వేరే వంట ఎందుకని ఇంటిల్లిపాదీ చపాతీకి మళ్ళారు. పొద్దున ఉప్మా, సాయంత్రం బిస్కెట్టు, రాత్రి చపాతీ.

ఎండాకాలం సెలవులకు పిల్లను నా దగ్గరికి పంపేవారు. నా ఇంట్లోకి బ్రెడ్డు రాదు. గాలి నింపి అమ్మే దానికి దుడ్లు పెట్టడం నాకు ఇష్టం లేదు. చేన్లో పండింది తినడమే. రాగి ముద్ద, చెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి, పప్పు, అన్నం. నేను ఆ పిల్లకు ముద్ద పెట్టింది వైద్యం అనుకుని కాదు, ఇంట్లో ఉన్నది అదే కాబట్టి. సెలవులు సగం అయ్యేసరికి పిల్ల కడుపు మెత్తబడింది. ఇంకొన్నాళ్ళకు వీధిలో పిల్లలతో కుంటాట ఆడింది. బడులు తెరిచాక ధర్మవరం పోయింది. దసరాకు వచ్చినప్పుడు చూస్తే మళ్ళీ మొదటికే. మరుసటి ఏడూ అదే కథ.

ఒకసారి అయితే గాలి మార్పు అనుకోవచ్చు. రెండోసారి కూడా అట్లాగే జరిగితే ఊరుకోవడం నాకు చేతకాదు. ధర్మవరం పోయి కూతురి ఇంట్లో ఉన్నాను. పిల్ల ఏం తింటుందో, ఎప్పుడు పరుగెత్తుతుందో చూస్తూ కూర్చున్నాను. వియ్యపురాలికి అది నచ్చలేదు.

"ఏమి వదినా, వచ్చినప్పట్నుంచి చూస్తాండా, బిడ్డ నోరే చూస్తాండావు. దిష్టి తగలదా?" అంది.

"నా దిష్టి తగిలేదుంటే నా కాడ ఉన్నప్పుడే తగలల్ల కదా. నా కాడ బాగుంటాది, ఈడికొస్తే పడకేస్తాది. అదేంటికో చూస్తాండా."

"అంటే మేము బిడ్డకు విషం పెడ్తాండామా?"

"ఆ మాట నేనన్లేదు. నువ్వే అంటివి."

కూతురు మధ్యలోకి వచ్చి ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. కాఫీ చేతిలో ఉంటే మనుషులు గట్టిగా పోట్లాడలేరని దానికి తెలుసు.

చూడగా చూడగా నాకు అర్థమయింది ఒకటే. వాళ్ళ ఇంట్లో ఉండి నా ఇంట్లో లేనిది గోధుమ. అల్లుడితో ఆ మాట చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, నవ్వాడు.

"లోకమంతా చపాతీలు తిని బలంగుండారు అత్తా. ఉత్తరాదోళ్ళను చూడు, ఎంతెంత మనుషులో! గోధుమ తింటే బిడ్డ బక్కదైతాదా?"

"ఉత్తరాదోళ్ళ సంగతి నాకు తెల్దప్పా. ఈ బిడ్డ సంగతి చెప్తాండా. ఒక ఏడు నా కాడ చదివిచ్చుకుంటా, పంపీ."

గొణిగినా పంపాడు. పెనుకొండ బడిలో చేర్పించాను. నాకు తెలిసినంతవరకు గోధుమ లేకుండా చేశాను. పిల్ల తేరుకుంది, అయినా అప్పుడప్పుడూ కడుపు చెడేది. ఎందుకో తెలియలేదు. ఆ మధ్య సోమందేపల్లిలో చుట్టాల పెళ్ళికి పోయాం. వద్దన్నా వినకుండా పిల్లలతో చేరి పూరీలు తిన్నది. మరునాటినుంచి వారమంతా లేవలేదు. అప్పుడు నాకు అనుమానం పోయింది.

నాకు అనుమానం పోతే చాలదు. అక్కడే ఉంది చిక్కు. ఏడు తిరిగితే పిల్ల తల్లిదండ్రుల దగ్గరికి పోవాలి. నేను ఎన్నాళ్ళుంటాను? రేపు ఆ పిల్ల హాస్టలుకు పోతుంది, అత్తగారింటికి పోతుంది. "మా అవ్వ గోధుమ వద్దనింది" అంటే ఎవరు వింటారు? ఒక్క చపాతీకి ఏమవుతుందిలే అని పెడతారు. ముసలిదాని మాట ముసలిదానితోనే పోతుంది. డాక్టరు నోటి మాటగా, కాగితం మీద ఆ జబ్బుకు ఒక పేరు కావాలి. ఆ పేరు తెచ్చుకోవాలని గట్టిగా అనుకున్నాను.

హిందూపురంలో ఒక పిల్లల డాక్టరమ్మ ఓపికగా మాట్లాడుతుందని విని, పాసింజరు రైల్లో పిల్లను తీసుకుపోయాను. అల్లుడిని కూడా రమ్మన్నాను. ధర్మవరంలో ఎక్కిన ఆయన పెనుకొండలో మాకు సీటు పట్టి ఉంచాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. పాత మందుచీటీలన్నీ చూసింది, పిల్ల పొడుగు కొలిచింది, కడుపు నొక్కి చూసింది. నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది.

"అవ్వా, నువ్వు చెప్పే జబ్బు ఉంది. సీలియాక్ అంటారు. గోధుమలో గ్లూటెన్ అని ఒక పదార్థం ఉంటుంది. అది కొందరి పేగులకు పడదు, లోపల పేగు అరిగిపోతుంది. అప్పుడు ఏం తిన్నా ఒంటికి పట్టదు. ఉత్తరాదిలో ఎక్కువ చూస్తారు, మన వైపు ఎవరూ అనుమానించరు" అంది. తరువాత నన్ను అడిగింది. "గోధుమ పూర్తిగా మానిపించావా?"

"చపాతీ లేదు, బ్రెడ్డు లేదు, పూరీ లేదు."

"ఉప్మా?"

"ఉప్మా పెడ్తాండా. అది రవ్వ కదమ్మా."

"బొంబాయి రవ్వ దేంతో చేస్తారు?"

బొంబాయి రవ్వ బొంబాయి నుంచి వచ్చేదనే తప్ప దేనితో చేస్తారో ఎప్పుడూ ఆలోచించలేదు. రవ్వ, మైదా, సేమ్యా అన్నీ గోధుమేనని ఆ పొద్దు తెలిసింది. తినేవాళ్ళం మేమే, అంగట్లో కొనేవాళ్ళం మేమే. మూడు పేర్లుంటే మూడు వస్తువులు అనుకున్నాం.

అల్లుడు ఆ సందు చూసుకుని, "చూస్తివా అత్తా, నువ్వూ గోధుమే పెడ్తాంటివి" అన్నాడు.

"అందుకే అప్పుడప్పుడూ కడుపు పోతాండె. తెలిసింది కదా, ఇంగ అదీ పెట్టను" అన్నాను.

డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. రక్తం బెంగుళూరుకు పంపాలి. "చాలావరకు మానిపించారు కాబట్టి జబ్బు ఉన్నా కనపడకపోవచ్చు. అయినా చూద్దాం" అని ముందే చెప్పింది.

అట్లాగే అయింది. జవాబు కోసం మళ్ళీ ముగ్గురం హిందూపురం పోతే, ఏమీ లేదని వచ్చింది. అల్లుడు ఆ కాగితం జేబులో పెట్టుకుని లేచాడు.

"ఇంగ చాలా అత్తా? బిడ్డకేమీ లేదంట. బడిలో పరీక్షలైపోతానే మా ఇంటికి తీసకపోతా."

"కూర్చో అప్పా" అన్నాను. డాక్టరమ్మ వైపు తిరిగాను. "కనపడల్లంటే ఏం చెయ్యల్ల?"

ఆమె పిల్లను బయట ఆడుకోమని పంపి చెప్పింది. గోధుమ తింటున్నప్పుడే ఒంట్లో గొడవ జరుగుతుంది, ఆ గొడవ గుర్తులే రక్తంలో కనపడతాయి. తినకపోతే గొడవ లేదు, గుర్తులూ ఉండవు. కాబట్టి కొన్ని వారాలపాటు రోజూ గోధుమ పెట్టి, మళ్ళీ రక్తం తీయాలి. అప్పుడు కనపడితే బెంగుళూరులో గొంతులోంచి కెమెరా వేసి పేగు ముక్క తీసి చూస్తారు. "పిల్ల బాధపడుతుంది. మధ్యమధ్యలో నేను చూస్తుంటాను, మరీ ఎక్కువైతే ఆపేద్దాం. పరీక్ష వద్దనుకుంటే గోధుమ మానిపించి ఊరికే ఉండండి. అది కూడా తప్పు కాదు. ఇంటికి పోయి ఆలోచించుకోండి."

స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. నేను కట్టుకొచ్చిన చిత్రాన్నం ముగ్గురం తిన్నాం. అల్లుడు అన్నాడు, "ఏమన్నా న్యాయమా అత్తా? పడదని నువ్వే అంటివి. ఇప్పుడు నువ్వే పెడ్తానంటావా?"

"పెట్టకపోతే నువ్వు నమ్ముతావా?"

ఆయన చిత్రాన్నంలో చెనగ్గింజలు ఏరుకుంటూ ఉండిపోయాడు. నమ్ముతానని అబద్ధం చెప్పలేదు. దానికి ఆయనను మెచ్చుకోవాలి. రైలు వచ్చేలోపల నేను తేల్చుకున్నాను. పిల్లను కూడా అడిగాను, ఎందుకంటే కడుపు దానిది.

"కొన్ని దినాలు చపాతీ తిని కడుపునొప్పి ఓర్చుకుంటావా? ఆ తరవాత ఇంగ ఎవరూ నీకు బలవంతంగా పెట్టరు."

"బడికి పోకపోయినా తిట్టవా?"

"తిట్టను."

"లెక్కలు చెయ్యకపోయినా?"

"లెక్కలు చెయ్యల్ల."

కాసేపు ఆలోచించి సరే అన్నది.

ధర్మవరంలో అయితే ఎవరో ఒకరు జాలిపడి ఆపేస్తారు. అందుకే పెనుకొండలోనే పెట్టాను. నా ఇంట్లో చపాతీ పీట లేదు, పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాను. ముద్ద కెలికే చేతికి చపాతీ ఏం తెలుసు? మందంగా, ఎటు పడితే అటు సాగి వచ్చేవి. "అవ్వా, నీ చపాతీ పిడక మాదిరుండాది" అని నవ్వింది పిల్ల. మొదట్లో నవ్వగలిగింది.

తరువాత నవ్వు పోయింది. కడుపు మళ్ళీ ఉబ్బింది. మొహం పాలిపోయింది. తినడానికి పళ్ళెం ముందు కూర్చుని చపాతీని చిన్న చిన్న ముక్కలు చేసి పళ్ళెం అంచు పొడుగునా పేర్చేది. పక్కింటామె గోడ మీదనుంచి చూసి, "తెలిసి తెలిసీ పెడ్తాండావే, నువ్వు అవ్వవా, రాకాసివా?" అని నా మొహం మీదే అంది. ఆమె పీటతోనే చేస్తున్నాను కాబట్టి ఆ మాట పడ్డాను. నా కూతురు మా వీధి చివర ఫోను బూత్‌కు ఫోన్ చేసి ఏడ్చింది.

"చాలమ్మా, ఆపు. నాకు పేరు వద్దు, ఏమీ వద్దు."

"ఇప్పుడాపితే బిడ్డ పడిందంతా గాలికి పోతాది. మళ్ళీ ఇంకోసారి మొదట్నుంచి పెట్టల్ల. అది కావల్నా నీకు?"

"నీ గుండె రాయిమా."

"రాయే. ఫోను పెట్టు, నిమిషాలు పోతాండాయి."

ఫోను పెట్టిన తరువాత బూత్ బయట అరుగు మీద కాసేపు కూర్చున్నాను. రాయినైతే కూర్చునే పని ఉండదు.

ఒక సాయంత్రం పిల్ల తిన్నదంతా కక్కింది. గోడకు ఆనుకుని, "ఈ పొద్దుకు వద్దవ్వా" అంది. ఏడవలేదు, అడిగింది అంతే. డాక్టరమ్మ రోజూ అన్నది, ఒక చపాతీ అన్నది. పూర్తి చపాతీ పెట్టడానికి నాకు చేతులు రాలేదు, పూర్తిగా మానడానికి మనసు రాలేదు. సగం చేసి బెల్లం రాసి పెట్టాను. మిగిలిన సగం పిల్ల పక్కన కూర్చుని నేను తిన్నాను. తరువాత హిందూపురం పోయినప్పుడు అది కూడా దాచకుండా చెప్పాను. "సగం చాలు అవ్వా, ఏం కాదు" అన్నది డాక్టరమ్మ. బరువు చూసి, కళ్ళ రెప్పలు తిప్పి చూసి, "ఇంకొక్క వారం ఓర్చుకుంటావా?" అని నన్ను కాదు, పిల్లనే అడిగింది.

ఆ వారం గడిచాక రక్తం తీశారు. ఈసారి జవాబు వచ్చినప్పుడు డాక్టరమ్మ అల్లుడిని ఆఫీసుకు సెలవు పెట్టి రమ్మంది. రక్తంలో ఆ గుర్తులు ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నాయని చూపించింది. బెంగుళూరు పోయి కెమెరా పరీక్ష చేయించాం. పేగు లోపల దువ్వెన పళ్ళలా నిలబడి ఉండాల్సినవి అరిగి చదునై పోయాయని అక్కడి డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. అల్లుడు ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"మందేముంది సార్?" అని అడిగాడు.

"మందు లేదు. గోధుమ తినకపోవడమే మందు."

"ఎన్నాళ్ళు?"

"బతికినన్నాళ్ళు."

ఆయన బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను లోపలే ఉండి అడగవలసినవి అడిగాను. రాగులు పడతాయి. బియ్యం, జొన్న, కొర్ర పడతాయి. చెనక్కాయలు పడతాయి. ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారట, డబ్బా చూసి కొనాలట. చపాతీ కాల్చిన పెనం మీదే పిల్లకు దోసె పోయకూడదట. బయటికి వచ్చాక అల్లుడు లేచి నిలబడ్డాడు. పిల్లను ఎత్తుకున్నాడు. అంత పెద్ద పిల్లను అంత సులువుగా ఎత్తుకోగలగడం ఆయనకు ఆ పొద్దు కష్టంగా అనిపించి ఉంటుంది.

అసలు పరీక్ష ధర్మవరంలో, వియ్యపురాలి వంటింట్లో. అది నాకు ముందే తెలుసు. కాగితం ఆమెకు చదివి వినిపించింది కొడుకే. ఆమె అంతా విని, "అయితే నా షుగరుకు నేనేం తినల్ల?" అంది.

"నువ్వు చపాతీనే తిను వదినా, నిన్నెవరు వద్దన్యారు? బిడ్డ పెనం వేరే, గంటె వేరే, డబ్బాలు వేరే. పిండి చెయ్యి దాంట్లో పెట్టకూడదు. అంతే."

"ఒక ఇంట్లో రెండు వంటలా? ఎవరు చేస్తారమ్మా ఇయ్యన్నీ?"

ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఆ గిన్నెలు అటక మీద వేరేగా ఉంటాయి. గుడ్డు, మాంసం వండిన గంటె వాటి దరిదాపులకు కూడా రానివ్వదు. ఒకసారి నా కూతురు పొరపాటున ముట్టుకుంటే మూడు రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది.

"నీ శనివారం గిన్నెలు ఎట్ల పెట్టుకుంటావు వదినా?"

"దాని మాట వేరే. అది దేవుని పని."

"ఇదీ అట్లనే పెట్టు. గోధుమను మాంసమనుకో, బిడ్డను ఒక్కపొద్దు అనుకో. డాక్టరు చెప్పింది నాకూ సగమే అర్థమైంది. నీకు ఈ పని మా అందరికంటే బాగొస్తాది."

ఆమె మూతి తిప్పుకుంది. "పొగిడి పని చేయిచ్చుకోవడం నీకు బాగొస్తాది" అంది. కాని సాయంత్రం చూస్తే అటక కింద పిల్ల గిన్నెలకని ఒక అర ఖాళీ చేస్తున్నది.

నేను అంత తొందరగా నమ్మే మనిషిని కాను. పిల్లను వెంటనే వదిలి రాలేదు, పెనుకొండ బడిలో ఆ ఏడు పూర్తి చేయించాను. పిల్ల కోలుకున్నది, బరువు పెరిగింది. ఎండాకాలంలో ధర్మవరం తీసుకుపోయి, కొన్నాళ్ళు నేను కూడా అక్కడే ఉన్నాను. వియ్యపురాలు ఎదురుగా ఉన్నప్పుడు జాగ్రత్తగానే ఉంటున్నది. నేను చూస్తున్నానని ఉంటున్నదో, నిజంగానే ఉంటున్నదో తెలియాలి కదా. ఒకరోజు పొద్దున పెద్దవాళ్ళకు ఉప్మా చేసిన గంటెను ఏమీ ఎరగనిదానిలా తీసుకుని పిల్ల పప్పుగిన్నె వైపు పోయాను. ఆమె వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతున్నది, వీపు నా వైపే ఉంది. చప్పుడుకు తల తిప్పింది.

"ఏయ్ వదినా! ఆ గంటె పెట్టొద్దు! కండ్లు కనపడల్యా? అది రవ్వ గంటె!" చాట కింద పెట్టి లేచి వచ్చి నా చేతిలోంచి గుంజుకుంది. "ఇన్నేండ్లు మా ప్రాణం తీసి, ఇప్పుడు నువ్వే మరిచిపోతాండావే! ఎట్ల పెంచినావో ఏమో బిడ్డను. జరుగు, నేను పెడ్తా."

జరిగాను. ఆమె చేతులు కడుక్కుంది, కొంగుకు తుడుచుకోబోయి ఆగి, వేరే గుడ్డ తీసి తుడుచుకుంది. పిల్ల అరలోని గంటె తీసి పిల్లకు పప్పు వడ్డించింది. ఇంకా తిడుతూనే ఉన్నది. ఎన్ని తిట్లు తిట్టినా నేను ఒక్కదానికీ బదులు చెప్పలేదు. నా కూతురు ఆశ్చర్యంగా నా మొహం చూసింది.

ఆ మధ్యాహ్నమే నా సంచి సర్దుకున్నాను. పిల్ల బట్టలు సంచిలోంచి తీసి తల్లి బీరువాలో పెట్టాను. సాయంత్రం పాసింజరుకు ఒక్క టికెట్టే తీసుకున్నాను.